కలెక్టరమ్మ ఫైళ్లు

మా అత్తకు ఫోన్ విషయంలో నేను నేర్పిన పాఠం ఒక్కటే. ఫోన్ ఏమడిగినా వద్దనాలి. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటే వద్దు, బహుమతి వచ్చిందంటే వద్దు, తెర మీద ఏదైనా ప్రశ్న లేచిందంటే అసలే వద్దు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషే అయినా, చెప్పిన పాఠాన్ని ఆమె ఎంత బాగా ఒంటబట్టించుకుందో తెలుసుకోవడానికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది.

మాది కమలాపురం. నేను బడిపంతులమ్మను. బడిలో పిల్లలకు చెప్పింది చాలక ఇంటికొచ్చి మా అత్తకు, మా ఆయనకు కూడా చెబుతుంటాను. తడి తువ్వాలు ఎక్కడ ఆరేయాలి, చెప్పులు ఎక్కడ విడవాలి, బిందె మీద ఏ మూత పెట్టాలి, అన్నిటికీ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి నాది.

అత్తకు వేంపల్లెలో ఒక చెల్లెలు ఉండేది. నేను చిన్నత్త అని పిలిచేదాన్ని. రోజూ పదకొండు గంటలకు ఆమె ఫోన్ చేసేది, ఈమె మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. సెలవు రోజుల్లో వంటింట్లో ఉన్న నాకు ఆ మాటలు అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క వినిపించేవి. అందులో కలెక్టరమ్మ ప్రస్తావన తరచుగా వచ్చేది. "కలెక్టరమ్మ ఈ పొద్దు శానా కోపంగా ఉండాది పాపా." "కలెక్టరమ్మ కొత్త రూలు పెట్టింది, చెప్పులు మెట్ల కింద ఇడవాలంట." జిల్లా కలెక్టరు సంగతులు వీళ్లకు ఇంత వివరంగా ఎలా తెలుస్తాయా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఒకసారి పేపరు పట్టుకొచ్చి సరిదిద్దాను కూడా.

"అత్తా, ఆ కలెక్టరమ్మకు బదిలీ అయిపోయింది. ఇప్పుడు మగాయన వచ్చినాడు."

"మా కలెక్టరమ్మకు బదిలీ లేదులేమ్మే," అని ఆమె చాలా నెమ్మదిగా జవాబిచ్చింది.

మొన్న ఎండాకాలంలో చిన్నత్త పోయింది. పొద్దున బాగానే ఉన్న మనిషి సాయంత్రానికి లేదు. ఆ తర్వాత కూడా అత్త పదకొండు గంటలకు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఏడవలేదు, ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. నేను మాత్రం ఇంకో మార్పు గమనించి లోలోపల పొంగిపోయాను. అంతకుముందు నా రాగిసంగటిలో ఉండలు కట్టినవన్నీ ఏరి కంచం అంచున వరసగా పేర్చేది. ఎండాకాలం తర్వాత ఆ పని మానేసింది. పెట్టింది పెట్టినట్టు తినేసి లేచిపోయేది. ఇన్నేళ్లకు నాకు సంగటి కెలకడం వచ్చిందని మా ఆయనతో గొప్పగా చెప్పుకున్నాను.

ఇంతలో అత్త ఫోన్ వీపు ఉబ్బింది. కడపకు తీసుకెళ్లి చూపిస్తే, రిపేరు చేసేతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "బ్యాటరీ ఉబ్బిందక్కా. ఏ పొద్దన్నా ఆగిపోతాది. మార్చేటప్పుడు లోపలుండేవి పోయినా పోతాయి, ముందర అన్నీ యాడన్నా దించుకోండి," అన్నాడు. ఆపైన తెర చూసి, "కాల్ రికార్డింగులతోనే నిండిపోయింది. ప్రతి కాలూ రికార్డయ్యేట్టు ఎవరో పెట్టినారు. అయన్నీ తుడిచేద్దునా?" అని అడిగాడు.

అత్త ఆ ఫోన్‌ను అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. బస్సులో కమలాపురం దాకా రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది. ఊరు దగ్గర పడుతుండగా, "దాని గొంతు ఇందులో ఉండాదంటమ్మే," అని ఒక్క మాట అంది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. ఫోన్ ఆగిపోతే అదీ పోతుంది.

నా ఫోన్‌లోకి ఎక్కిద్దామంటే బడి గ్రూపుల్లో వచ్చే గుడ్మార్నింగులతో అది ఎప్పుడో నిండిపోయింది. ఇక మిగిలింది మా ఆయన కంప్యూటరు. ఒకప్పుడు ఆయన కడపలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు కంపోజ్ చేసే అంగడి పెట్టుకున్నాడు. అంగడి మూతపడ్డాక కంప్యూటరు ఇంటికి వచ్చి, అత్త పాత చీరతో కుట్టిన ముసుగు కప్పుకుని మూలన కూర్చుంది. చలికాలంలో దాని వేడికి పాలు బాగా తోడుకుంటాయని అత్త కనిపెట్టింది. ఏడాదికి నాలుగుసార్లు దాన్ని ఆన్ చేస్తే మూడుసార్లు పెరుగు కోసమే. ఆ మాటంటే మా ఆయనకు చిర్రెత్తుకొస్తుంది.

ఆదివారం పొద్దున ముసుగు తీశాం. అత్త కంప్యూటరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఫోన్ ఇవ్వమంటే ఇవ్వలేదు. "నా చేతిలోనే ఉంటాది, తీగె తగిలించుకోండి," అంది. సరే అని తగిలించాం. కంప్యూటరు టుడుం అంది. కొత్త పరికరం వచ్చిందని తెర మీద ఒక మూల చిన్న చీటీ చూపించింది. ఆత్రంగా తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. ఈ ఫోల్డరు ఖాళీగా ఉంది అని రాసి ఉంది.

"తీగె బాగలేదు," అన్నాడు మా ఆయన. ఇంట్లో ఉన్న తీగెలన్నీ మార్చాం. టుడుం, ఖాళీ. "ముందువైపు రంధ్రంలో దుమ్ముంది," అన్నాడు. ఊదాడు. వెనకవైపు పెడదామని టార్చి పట్టుకుని బల్ల కిందికి దూరి, బయటికొస్తూ తలకు బల్ల కొట్టించుకున్నాడు. మళ్లీ టుడుం, మళ్లీ ఖాళీ. కంప్యూటరును ఆపి మొదలుపెట్టాం. అది లేచేలోపల నేను సంగటి కెలికి వచ్చాను. నాకు ఓపిక తక్కువ. పెరుగు తోడు పెట్టుకునే డబ్బాను నమ్ముకున్నందుకు నన్ను నేను తిట్టుకోవాలన్నాను. ఆయన ఫోన్‌దే తప్పన్నాడు. నేను కంప్యూటరుదే అన్నాను. మెల్లగా మాట అంగడి ఎందుకు మూతపడిందనే దాకా పోయింది. అత్త మాత్రం ఈ గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పదోసారో పదకొండోసారో టుడుం అన్నప్పుడు నా చూపు ఆమె చేతి మీద పడింది. చూపు కిటికీ వైపే ఉంది గానీ బొటనవేలు మాత్రం ఫోన్ మీద టక్కున ఆడింది.

"ఏం నొక్కుతాండావత్తా?"

"అది అడుగుతాండాది. నేను వద్దంటాండా."

వంగి చూశాను. తీగె పీకి తగిలిస్తే ప్రశ్న మళ్లీ లేచింది. ఈ ఫోన్‌లోని డేటాను కంప్యూటరు చూడటానికి అనుమతించాలా? కింద రెండు మాటలు, అనుమతించు, తిరస్కరించు. నా ఎదుటే ఆమె తిరస్కరించింది.

"పొద్దున్నుంచి ఇదే చేస్తాండావా?"

"నువ్వే గదమ్మే చెప్పింది, ఫోన్ ఏమడిగినా వద్దనమని."

మా ఆయన బల్ల మీద తల పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది గానీ పాఠం చెప్పిన దాన్ని కాబట్టి ఆపుకున్నాను. "ఈ ఒక్కసారికి సరే అను అత్తా, మన కంప్యూటరే గదా," అన్నాను. ఆమె అనలేదు. ఫోన్‌ను కొంగు కిందికి జరుపుకుంది. అప్పుడు నాకర్థమైంది, ఇది నా పాఠం చలవ కాదని.

"అత్తా, ఆ బ్యాటరీ ఈ పొద్దో రేపో పోతాది. చిన్నత్త గొంతు వద్దా నీకు?"

"కావాల." కళ్లు దించుకుంది. "దానిది కావాల. నాది గూడా ఉండాదే అందులో. ఇంటిలో మాటలు, అక్కచెల్లెండ్ల మాటలు. నువ్వు వింటావు."

"విననత్తా."

"వింటావు. నీ గుణం నాకు తెలీదా?"

ఒంటిమిట్ట రాముని మీద ఒట్టు పెట్టాను, ఒక్కటి కూడా తెరవనని. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసి, బొటనవేలితో, ఫోన్ నొచ్చుకుంటుందేమో అన్నంత నెమ్మదిగా, అనుమతించు అన్న మాట నొక్కింది. ఖాళీ ఫోల్డరు ఒక్కసారిగా నిండిపోయింది. మూడేళ్ల పదకొండు గంటల ఫోన్లు, తేదీల వారీగా తెర కిందిదాకా దిగాయి.

సగం ఎక్కాక కరెంటు పోయింది. కంప్యూటరుకు ఆసరాగా పెట్టిన బ్యాటరీ పెట్టె ఎప్పుడో చచ్చిపోయింది. ముప్పావు గంట ముగ్గురం ఆ నల్లటి తెరను చూస్తూ కూర్చున్నాం. కరెంటు వచ్చాక మళ్లీ మొదటినుంచి పెట్టాం. ఈసారి చివరిదాకా ఎక్కాయి.

"సరిగ్గా వచ్చినాయో లేదో ఒకటి చూడాల గదా," అన్నాడు మా ఆయన. ఒట్టు పెట్టింది నేను, ఆయన కాదు. నేను ఆపలేదు కూడా. అంగడి నాటి పెద్ద స్పీకర్లు ఇంకా తగిలించే ఉన్నాయి.

"ఏమక్కా, తిన్యావా?" అంది చిన్నత్త, ఇల్లంతా వినబడేట్టు.

"లేదు పాపా, ఇంగా తినలే," అంది అత్త.

స్పీకర్లోంచి కాదు, కుర్చీలోంచి. స్పీకర్లో ఉన్న అత్త ఒక క్షణం ఆలస్యంగా, "తిన్యాలే," అంది. మా ఆయన చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది.

"ఏం చేస్తాంది కలెక్టరమ్మ?"

"ఏం చేస్తాది, బడికి పోయింది. పోతా పోతా సంగటి కెలికి పెట్టిపోయింది. అన్నీ ఉండలే పాపా. ఏరి అంచున పెడతానా, ఒక్క పొద్దన్నా చూసి అర్థం చేసుకోదు. పిల్లోళ్లకేం చదువు చెప్తాందో ఏమో."

చిన్నత్త పగలబడి నవ్వింది. మా ఆయన ఏదో పడిపోయినట్టు మళ్లీ బల్ల కిందికి దూరాడు. బదిలీ లేని కలెక్టరు ఎవరో నాకు అప్పుడు తెలిసింది. నాకు కోపం రావాలి. వచ్చేదే, కానీ ఇంతలో చిన్నత్త, "సరేక్కా, రేపు చేస్తాలే," అంది. టక్కుమని ఆగిపోయింది. అత్త స్పీకరు వైపే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు నాకు ఎండాకాలం నుంచి ఖాళీగా ఉన్న ఆ కంచం అంచు గుర్తొచ్చింది. నా సంగటి బాగుపడలేదు. దాన్ని గురించి చెప్పుకోవడానికి ఆమెకు మనిషి లేకుండా పోయింది.

లేచి వంటింట్లోకి వెళ్లి సంగటి పెట్టుకొచ్చి ఆమె ఒళ్లో పెట్టాను. "తిను. మధ్యాహ్నం దాటింది."

ఆమె ఒక ముద్ద తీసుకుంది. వేళ్లతో అదిమి చూసి, ఒక ఉండ తీసి కంచం అంచున పెట్టింది. ఇంకొకటి పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను.

"ఇంగోటి వినిపించు కలెక్టరమ్మా," అంది.

"ఒట్టు పెట్టినా గదత్తా, రాముని మీద."

"నాకు పెట్టిన ఒట్టే గదా, నేను తీసేస్తాండా. పెట్టు." ఇంకో ఉండ ఏరి, దాన్ని నాకు కనబడేలా ఎత్తి పట్టుకుంది. "ఇది చూడు, నేరేడుకాయంత ఉండాది."

"ఉండాది," అని ఒప్పుకుని, నేను రెండోది తెరిచాను.