మణికట్టు మీద చెయ్యి

బాబినక్కకు కోపం వస్తే ముందు ముక్కు మీద చెమట పడుతుంది. ఆ రోజు కార్మిక సంఘం హాల్లో, గోడకు తగిలించిన ఫోటో ముందు నిలబడిన రెండు నిమిషాలకే ఆమె ముక్కు తడిసిపోయింది. ఫోటో మనిషెత్తు ఉంది. నూలు మిల్లు గేటు, దాని ముందు డెబ్బై మంది ఆడవాళ్లు, అందరికంటే ముందు ఇరవై ఆరేళ్ల బాబినక్క. నోరు తెరిచి ఉంది, కుడిచెయ్యి పైకి లేచి ఉంది. ఆ చేతి మణికట్టు పట్టుకుని పక్కన ఒక మగమనిషి. కింద అట్టముక్క మీద ఆయన పేరు ఇంటిపేరుతో సహా వేసి, "మహిళా కార్మికుల సమ్మెకు నాయకత్వం వహిస్తున్న దృశ్యం. పక్కన ఆయన సతీమణి" అని రాశారు.

ఆ నాయకుడు బాబినక్క మొగుడే. నాయకత్వం మాత్రం శుద్ధ అబద్ధం.

నలభై మూడేళ్ల కిందట ఆ మిల్లులో నూలు చుట్టే విభాగమంతా ఆడవాళ్లదే. ఖాళీ అయిన బాబిన్, అంటే నూలు కండె, తీసి నిండుది ఎక్కించడంలో ఈమె చెయ్యి ఎంత చురుకంటే, అసలు పేరు హాజరుపట్టీకే పరిమితమై, అందరి నోటా బాబినక్క అయి కూర్చుంది. ఆ మిల్లులో ఒక దిక్కుమాలిన పద్ధతి ఉండేది. ఆడమనిషికి కడుపు కనబడగానే పేరు కొట్టేసేవారు. కాన్పయ్యాక వచ్చి బతిమాలుకుంటే కొత్తగా చేరినట్టు రాసుకునేవారు, అదీ మేస్త్రీకి దయ కలిగితే. అందుకని ఏడో నెల దాకా పొట్టకు గుడ్డ బిగించి కట్టుకుని మెషీన్ల దగ్గర నిలబడేవాళ్లు. ఒకనాడు అలా బిగించుకున్న పిల్ల ఒకతె పని మధ్యలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆమె ముఖాన నీళ్లు చల్లి, గుడ్డ ముడి విప్పి, బాబినక్క లేచి తన మెషీను ఆపేసింది. పక్కావిడ తనదీ ఆపింది. పావుగంటలో విభాగమంతా నిశ్శబ్దమైపోయింది. సమ్మె అంటే అదే. దాని వెనక ఏ నాయకుడూ లేడు, ఏ తీర్మానమూ లేదు.

ఆయన అదే మిల్లులో ఫిట్టరు. అప్పట్లో నోట్లో నాలుక లేని మనిషి. మూడో రోజు మేనేజరు పిలిచి, "నీ పెళ్లాన్ని ఇంటికి తీసుకుపో. లేదంటే రేపట్నుంచి ఇద్దరూ ఇంట్లోనే కూర్చుంటారు" అన్నాడు. ఈయన గేటు దగ్గరికి పరుగెత్తి, నినాదం ఇస్తున్న ఆమె చెయ్యి దొరకబుచ్చుకుని ఇంటికి లాగాడు. సరిగ్గా అప్పుడే పత్రికాయన కెమెరా నొక్కాడు. మర్నాడు పేపర్లో "సమరానికి దిగిన దంపతులు" అని వచ్చింది.

అది చూసి బాబినక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. ఆడవాళ్లతో చర్చలేమిటని మేనేజరు మొండికేస్తే, సంఘంవాళ్లు పేపరు చూసి ఈయన్ని లోపలికి పంపారు. లోపల ఫ్యాను కింద ఆయన, బయట ఎండలో డెబ్బై మంది. పదకొండో రోజు ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చాడు. కాన్పుకు సెలవిస్తారట, పేరు కొట్టెయ్యరట, కాకపోతే మొదటి కాన్పుకేనట.

"నాకు రెండోది కడుపులో ఉందన్న సంగతి గుర్తులేదా?" అంది బాబినక్క.

"ఏదో ఒకటి వచ్చిందిగా, సంతోషించు," అన్నాడాయన.

మూడు నెలలకు ఆమె పేరు కొట్టేశారు. సమ్మె చేసిన మనిషి ఇంట్లో కూర్చుని జాకెట్లు కుట్టుకుంది. సమ్మె ఆపబోయిన మనిషి సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. ఏటా జరిగే సమ్మె జ్ఞాపక సభలో, మొదటి ఏడాది "నేనూ అక్కడే ఉన్నాను" అన్నాడు. మూడో ఏడు "మేమిద్దరం" అన్నాడు. పదో ఏటికి ఆ "ఇద్దరం" కూడా ఎగిరిపోయింది. ఇంటికొచ్చాక ఆమె పళ్లు నూరితే, "జనం అలా అనుకుంటున్నారే, నన్నేం చెయ్యమంటావు?" అనేవాడు. జనం ఎందుకు అనుకుంటున్నారో తనకు తెలియనట్టు!

ఇన్నాళ్లూ అవి గాలిలో కలిసిపోయే మాటలు. ఇప్పుడు మిల్లు మూతబడింది, సంఘం హాలును ఫోటోల ప్రదర్శనశాల చేస్తున్నారు. ఆదివారం ప్రారంభం. గోడకెక్కిన మాట తను పోయాక కూడా అక్కడే ఉంటుంది. ఆమె భయమంతా అదే.

కార్యదర్శి దగ్గరికి వెళ్లింది. "అదెంత పని పిన్నీ, మార్పించేద్దాం" అన్నాడు. మర్నాడు వెళ్తే అట్టలు రాసే అమ్మాయిని అడగమన్నాడు. ఆ కాలేజీ పిల్ల కార్యదర్శిగారు చెప్పాలంది. మళ్లీ ఆయన దగ్గరికి వెళ్తే, "ఎన్నో పన్లు పిన్నీ, ప్రారంభం కానివ్వండి" అన్నాడు. ఒక్కరు కూడా కాదనలేదు. కాదంటే కనీసం పోట్లాడేది.

శనివారం పొద్దున మొగుణ్ణే పట్టుకుంది. "రేపు మైకు మీ చేతికిస్తారు. లాగానని చెప్పండి."

"ఈ వయసులో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావే?"

"నలభై మూడేళ్లుగా నేనెక్కడ పెట్టుకున్నానో ఒక్కసారైనా అడిగారా?"

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. కార్యదర్శి అందరినీ పొగిడి, చివర్లో "శ్రీమతిగారు కూడా రెండు ముక్కలు మాట్లాడతారు" అన్నాడు. బాబినక్క మైకు అందుకుంది. "ఆ ఫోటోలో ఈయన నా చెయ్యి ఎత్తట్లేదు. ఇంటికి లాగుతున్నారు. సమ్మె మొదలుపెట్టింది మా ఆడవాళ్లం. ఈయన పెట్టిన సంతకంతో నా ఉద్యోగం పోయింది."

హాలంతా గొల్లున నవ్వింది. "పిన్నిగారికి చమత్కారం ఎక్కువ!" అన్నాడు కార్యదర్శి. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక్కి తిరిగి మైకు మొగుడి ముందు పెట్టింది. "నవ్వుతున్నారు. మీరే చెప్పండి."

ఆయన లేచాడు. జనం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "నిజమే," అన్నాడు చివరికి. "లాగాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మొదలుపెట్టింది తనే. నాకేం సంబంధం లేదు."

నవ్వు టక్కున ఆగింది. ఈ నాలుగు ముక్కల కోసం బాబినక్క సగం జీవితం ఎదురుచూసింది. ఆ అర నిమిషంలో మొగుడు చేసిందంతా క్షమించేసింది కూడా. కళ్లు తుడుచుకుని, అడుగుతారేమో, పడిపోయిన ఆ పిల్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెబుదామని గొంతు సవరించుకుంది.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసవాళ్లు లేచి నిలబడి మరీ కొట్టారు. "ఎంతమంది మగాళ్లు ఇలా ఒప్పుకోగలరండీ!" అని ఒకరు, "ఎంత పెద్ద మనసు!" అని ఒకరు. కార్యదర్శి కళ్లనీళ్లతో ఆయన్ని కౌగలించుకున్నాడు. పత్రికల కుర్రాళ్లు చుట్టుముట్టి, "ఆ క్షణంలో మీ మనసులో ఏముంది సార్?" అని అడుగుతున్నారు. తలల మధ్య నుంచి ఆయన ఆమె కోసం వెతికాడు, కనబడలేదు. ఆమె చేతిలోంచి మైకు ఎవరో తీసుకున్నారు. ఫోటోలో ఆవిడ ఏమని అరుస్తోందో ఒక్కడూ అడగలేదు.

బుధవారం కాలేజీ పిల్ల ఫోన్ చేసింది. "మార్చేశామమ్మా, వచ్చి చూసుకోండి."

బాబినక్క వెళ్లింది. కొత్త అట్ట, అక్షరాలు ఇంకా పెద్దవి. మొదట ఆయన పేరు. కింద "నాటి తన పొరపాటును నలభై మూడేళ్ల తర్వాత ధైర్యంగా ఒప్పుకున్న నిజాయితీపరుడు. పక్కన ఆయన సతీమణి" అని ఉంది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది కదమ్మా?" అంది పిల్ల సంబరంగా.

"నా పేరేమిటో తెలుసా నీకు?"

పిల్ల తడబడింది. "బాబినక్క... కదండీ?"

"రాసుకో," అని బాబినక్క తన పేరు చెప్పింది. పుట్టింటి ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. పిల్ల బుద్ధిగా రాసుకుంది. రాసుకున్నది చదివి వినిపించింది కూడా.

"తప్పకుండా పెడతానమ్మా. సార్‌ని ఒక్కసారి అడిగి పెట్టేస్తాను."

"ఏ సార్‌ని?"

"మీవారినేనమ్మా. ఆయనకు అభ్యంతరం లేకపోతే."