మూడు చానళ్లు పంచిన సారు

మా సారు పోయారు. ఆదివారం పొద్దున నారాయణగూడలో నెట్ కనెక్షన్ ఇవ్వడానికి ఒక ఇంటి మెట్లెక్కుతుంటే ఆఫీసు నుంచి ఫోన్. వార్త చెప్పిన సూపర్‌వైజర్ ఫోన్ పెట్టేయకుండా ఇంకో మాటన్నాడు: "ఇగ ఆయన పద్ధతులు బంద్. రేపు అశోక్‌నగర్ల రూటర్లన్నీ ఫుల్ పవర్‌ల పెట్టాలె."

మనిషి పోయిన పూటే ఆయన పనిని కూడా పాతిపెట్టాలని చూశారు. అందుకే ఇది రాస్తున్నాను.

సారు టెలిఫోన్ లైన్లు చూసి రిటైరైన మనిషి. చిక్కడపల్లిలో మా ఇంటర్నెట్ ఆఫీసుకు కొత్తగా వచ్చేవాళ్లకు పని నేర్పేవారు. నేను ఇంటర్ తప్పి, లైబ్రరీలో కంప్యూటర్ పుస్తకాలు తిరగేసి చేరినవాణ్ణి. అన్నీ వచ్చనుకునేవాణ్ణి.

ఆయన ఏ ఇంటికెళ్లినా ముందు రూటర్ డబ్బా విప్పేవారు కాదు. మెట్ల మీద రుమాలు పరుచుకుని కూర్చుని, చుట్టుపక్కల వైఫైలు ఏ చానల్లో ఉన్నాయో ల్యాప్‌టాప్‌లో చూసేవారు. చానలంటే వైఫై గాలిలో నడిచే దారి. ఒకటి, ఆరు, పదకొండు. ఒకదాని మీద ఒకటి పడకుండా నడిచేవి ఈ మూడే. వాటినే బిల్డింగంతా పంచుకోవాలి. పక్కింటి తలుపు కొట్టి, "మీది జర పక్కకు జరుపుతనమ్మా, ఇద్దరికీ మంచిగ నడుస్తది" అని అడిగేవారు. వాళ్లు మా కస్టమర్లు కాకపోయినా సరే. ఇల్లిల్లూ తిరుగుతుంటే, సారు పెళ్లి సంబంధాలు చూస్తున్నాడని ఆఫీసులో నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో నెట్ నెమ్మదిగా ఉందంటే నన్ను పంపారు. పవర్ మొత్తం పెంచి, ఒక్క రూటరే రెండింతల జాగా తీసుకునే సెట్టింగ్ పెట్టేసి, హీరోలా వచ్చాను. మూడోరోజు హాస్టల్ ఎదురింటి అక్క ఆఫీసుకొచ్చింది. డాక్టర్లు చెప్పిన రిపోర్టులు బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లో విని ఇంట్లోనే టైప్ చేస్తుందామె. మధ్యలో మాటలు తెగిపోయి తప్పులు పడుతున్నాయట. పని ఆపేస్తామన్నారట. వైరుది పెట్టుకోరాదా అక్కా అన్నాను. "చంకల పిల్ల ఉంటది తమ్మీ. వైరు గుంజి పారేస్తది" అంది.

సారు నన్ను వెంటబెట్టుకుని హాస్టల్‌కు వెళ్లారు. బ్లూటూత్ ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి గెంతుతూ బతుకుతుందని చెప్పి, అడిగారు:

"బజారంత నీ బండే పెడితివి. ఆమె ఏడ నడవాలె?"

సెట్టింగ్ తీసేయించారు, పవర్ తగ్గించారు. ఇనుప బీరువా వెనకున్న రూటర్‌ను ముందుకు తెచ్చారు. హాస్టల్లో నెట్ అంతకుముందుకన్నా బాగా నడిచింది. అక్క పని నిలబడింది. "అరిస్తే ఇనబడదు బిడ్డా, జరిగితే ఇనబడతది" అన్నారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ముక్క లేదు.

ఆఫీసువాళ్లకు ఈ పద్ధతి ఎందుకు గిట్టలేదో చెప్తాను. ఒక ఇంటికి సిగ్నల్ పెంచే బూస్టర్ అమ్మితే పక్కింట్లో నెట్ చస్తుంది. వాళ్లూ కొంటారు. మళ్లీ మొదటింటివాళ్లు ఫోన్ చేస్తారు. దీన్ని వ్యాపారం అనరు, ఇరుగుపొరుగుకు కొట్లాట పెట్టడం అంటారని సారు సూపర్‌వైజర్ మొహం మీదే అన్నారు. మర్నాటి నుంచి ఆయన కుర్చీ మూలకు పోయింది. ఆయన మాత్రం మెట్లెక్కడం మానలేదు.

సోమవారం నేను అశోక్‌నగర్ వెళ్లాను. ఒక్క రూటర్‌కూ పవర్ పెంచలేదు. నన్ను తీసేస్తే ఇంకొకణ్ణి పంపుతారని తెలుసు. అందుకని ఆ గల్లీలో హాస్టల్లోనూ ప్రతి ఇంట్లోనూ కూర్చుని, సెట్టింగుల్లోకి ఎలా వెళ్లాలో, చానల్ ఎలా మార్చుకోవాలో, ఎవరొచ్చినా పవర్ ఎందుకు పెంచనీయకూడదో నేర్పాను. సాయంత్రం చివరి ఇంట్లో ఉండగా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"పెట్టినవా?"

"పెట్టలే. పెట్ట."

రేపటి నుంచి రావొద్దన్నాడు. సరేనన్నాను. బ్యాగు సర్దుకుని కిందికి దిగాను.

గల్లీలోకి వచ్చేసరికి తల మీద మాటలు. హాస్టల్ పిల్లాడొకడు రెండో అంతస్తు పిట్టగోడ మీదుగా వంగి, అవతలి బిల్డింగ్‌లో బట్టలు తీస్తున్న పెద్దాయన్ని అడుగుతున్నాడు.

"అంకుల్, మీది ఎంతల ఉంది?"

"ఆరుల."

"గట్లయితే మేం పదకొండుకు పోతున్నం."

పెద్దాయన తడి లుంగీ భుజాన వేసుకుని, సరే పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.