తలుపుల టీవీ

పోయిన నెల తిరుత్తణి బస్టాండులో దిగగానే గోడ మీద కొత్తగా అంటించిన పోస్టరు కనిపించింది. మా వైపు ఎవరు పోయినా ఇంటివాళ్ళు ‘కన్నీర్ అంజలి’ అని అరవంలో అచ్చు వేయించి, ఫొటోతో ఊరి గోడలకు అంటిస్తారు. పోయినవాళ్ళ పేరు, వయసు, ఊరు, పదహారో రోజు కర్మ ఎప్పుడన్నది, అడుగున ఏడుస్తున్నవాళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. నేను ముందు ఊరి పేరు చదివాను, తర్వాత కర్మ తేదీ చదివాను, ముఖం చివర్న చూశాను. మామూలు మనుషులు ముందు ముఖం చూస్తారు. ఈ తిరగేసిన వరస మా తమ్ముడు నేర్పింది. ఊరు అత్తిమంజేరిపేట. ముఖం చూడకముందే తెలిసిపోయింది, అయినా చూశాను. పెద్దమ్మే. చుట్టం కాదు, మేం అలా పిలిచేవాళ్ళం. ఎప్పటి ఫొటోనో వేశారు, అందులో ఆవిడ నాకంటే చిన్నది. అడుగున ఆవిడ మరిది కొడుకులు, వాళ్ళ భార్యలు, పిల్లలు, అందరి పేర్లూ ఉన్నాయి. ఆవిడ బతికుండగా నెల తప్పకుండా ఆ గడప తొక్కిన మగవాడు ఒక్కడే. వాడి పేరు అందులో లేదు. ఉండే వీలూ లేదు. వాడు మా తమ్ముడు, ఆవిడకంటే ముందే పోయాడు.

వాడు గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీలో రంగులు కొట్టే సెక్షన్లో పనిచేశాడు. వారమంతా అక్కడ గదిలో ఉండి, ఆదివారం తిరుత్తణి ఇంటికి వచ్చేవాడు. రిటైరయ్యాక చేతులు ఊరుకోక పాత టీవీలు పోగెయ్యడం మొదలుపెట్టాడు. అన్నీ కాదు. చెక్క పెట్టె, నాలుగు కాళ్ళు, తెరకు అడ్డంగా పక్కకు జరిగే చెక్క తలుపులు, ఆ తలుపులకు తాళం ఉండే బ్లాక్ అండ్ వైట్ సెట్లు మాత్రమే. వాటిని కొత్తగా కొన్న రోజుల్లో ఇంటి యజమాని తాళంచెవి జంధ్యానికో మొలతాడుకో కట్టుకుని తిరిగేవాడు. బీరువాకి కూడా అంత భద్రం ఉండేది కాదు. తర్వాత ప్రభుత్వం రేషన్ కార్డుల మీద ఇంటింటికీ కలర్ టీవీ పంచింది. తలుపుల టీవీలు అటకెక్కాయి. అటకెక్కిన వస్తువు ఆ ఇంట్లో పెద్దవాళ్ళు పోతే గానీ కిందికి దిగదు. ఇది మా తమ్ముడు కనిపెట్టిన మొదటి సూత్రం, అందుకే వాడు చావు పోస్టర్లు చదివేవాడు. రెండో సూత్రం మర్యాదది. పదహారో రోజు కర్మ దాటకుండా ఆ ఇంటికి పోకూడదు. మైలలో ఉన్న ఇంట్లో బేరం మొదలుపెట్టేవాడు మనిషే కాదనేవాడు. అలాగని మరీ ఆగితే పాత ఇనుము కొనేవాడు ముందు వస్తాడు. కాబట్టి పదిహేడో రోజు. నేను ఒక సొసైటీలో ముప్పై రెండేళ్ళు లెక్కలు రాసి రిటైరైనదాన్ని. ఏ ఊళ్ళో ఏ తేదీకి పదిహేడు అవుతుందో మనసులో పెట్టుకోవడం నా పని. నేను తిరువళ్ళూరులో రైలెక్కేదాన్ని, వాడు తిరుత్తణి స్టేషను బయట మోపెడ్ మీద కూర్చుని ఉండేవాడు. ఆలస్యమైతే నేనూ ఊరుకోను, వాడూ ఊరుకోడు. ఒకే తల్లి పిల్లలం.

పాత ఇనుము వాళ్ళ చేతిలో పడితే ఆ సెట్టు గతి ఏమిటో ఒకసారి చూశాను. రాగి తీగ కోసం పిక్చర్ ట్యూబు మెడ దగ్గర సుత్తితో ఒక్కటి వేస్తారు. లోపలికి గాలి పోయి, ముసలి మనిషి నిట్టూర్చినట్టు ఒక చప్పుడు వస్తుంది. రాగి వాళ్ళకు, గాజు పొలం గట్టుకు. మా తమ్ముడు ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకున్నాడు. ఫ్యాక్టరీలో అన్నేళ్ళు పనిచేసినవాడు. కే.జీ.కండిగైలో ఒక ఇంట్లో అయితే ట్యూబు తీసేసిన పెట్టెలో కోడి పొదుగుతోంది. తలుపులు మాత్రం బంగారంలా ఉన్నాయి. ఎంతకిస్తావని వీడు అడిగితే ఆ ఇంటాయన, ‘కోడికి ఇంగో ఇల్లు కట్టించి ఇచ్చి తీసుకోని పో అన్నా, అది బాడిగకు పోదు’ అన్నాడు. మూడు వారాల తర్వాత పిల్లలు బయటికి వచ్చాక వెళ్ళి తెచ్చుకున్నాం.

ఒక్క సంగతి మాకు వింతగా ఉండేది. లోపల ఎలుక గూళ్ళూ బల్లి గుడ్లూ ఉన్నా, ఇళ్ళల్లో దొరికిన ప్రతి సెట్టుకీ పైన చెక్క మాత్రం తళతళలాడుతూ ఉండేది. ‘మనోళ్ళు శుభ్రమైనోళ్ళు అక్కా’ అని వాడు మురిసిపోయేవాడు. నేనూ అదే అనుకున్నాను.

అలా వాడి హాలు నిండింది. నడవడానికి సందు లేకుండా పోయింది. మా మరదలు, అంటే వాడి భార్య, ‘ఇంట్లో ఇన్ని టీవీలు ఉండాయి వదినా, సీరియలు చూడాలంటే పక్కింటికి పోతా ఉండా’ అని నాతో మొరపెట్టుకునేది. నిజమే, ఒక్కటీ పలికేది కాదు. అదొక్కటే కాదు, ప్రతిదానికీ ఏదో ఒక లోటు. ఒకదానికి తాళంచెవి లేదు, ఇంకొకదానికి కాళ్ళు లేవు, వేరొకదానికి వెనకాల అట్ట లేదు. అన్నీ ఉన్నది, ఏదీ పోనిది, ఒక్కటంటే ఒక్కటి దొరకాలని వాడి కోరిక. తప్పుల్లేని లెక్క ఒక్కటైనా చూడాలనుకునేదాన్ని నేను, నాకు అది వింతగా తోచలేదు.

అది అత్తిమంజేరిపేటలో దొరికింది. పెద్దమ్మ భర్త పోయినప్పుడు పోస్టరు చూసి పదిహేడో రోజున వెళ్ళాం. ఇల్లంతా కడిగిన తడి ఇంకా ఆరలేదు, సున్నం వాసన. నడింట్లో, అటక మీద కాదు, పాత చీర కప్పిన సెట్టు. ఆవిడే చీర తీసి చూపించింది. నాలుగు కాళ్ళు, రెండు తలుపులు, తాళంలో చెవి, వెనకాల అట్టకు ఒక్క మర కూడా పోలేదు. మా తమ్ముడు వంగి ఆ మరలు లెక్కపెట్టాడు. కానీ ఆ తలుపుల మీద బొట్లు ఉన్నాయి. మా వైపు ఆయుధపూజ నాడు ఇంట్లో పనిముట్లన్నిటికీ గంధం రాసి కుంకుమ పెడతాం. ఎడమ తలుపుకు మూడు, కుడి తలుపుకు మూడు, చెయ్యి జారినట్టు ఒకటి కిందగా స్పీకరు దగ్గర. గంధం ఎండి, చెరువు మట్టిలా పగిలి ఉంది. కుంకుమ నల్లబడింది. ఆ కిందిదానిలో వేలిముద్ర గీతలు ఇంకా తెలుస్తున్నాయి. చిన్న వేలు.

‘ఇది అమ్మేది గాదు నాయనా,’ అంది పెద్దమ్మ. ‘రోలుకీ కత్తిపీటకీ సైకిలుకీ నేను పెట్టేదాన్ని. టీవీకి మాత్రం నా కూతురే పెట్టాల. ఇంగెవురు పెట్టినా ఏడుస్తాది. తొమ్మిదేండ్లది. ఆ ఏడు ఇది పెట్టింది, దీపావళికి లేదు. జొరం.’

ఆ తర్వాత ఎన్ని ఆయుధపూజలు వచ్చినా మిగతా పనిముట్లన్నిటికీ కొత్త బొట్లు పెట్టిందట గానీ దీన్ని తాకలేదట. భర్తను కూడా తాకనివ్వలేదు.

‘నేను తుడవను పెద్దమ్మా,’ అన్నాడు మా తమ్ముడు.

‘నువ్వు తుడవవు. నీ ముఖం చూస్తే తెలుస్తా ఉండాది. నీ తర్వాత?’

‘మా అక్క ఉండాది.’

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ‘ఆయమ్మ నీకంటే పెద్దది గదప్పా,’ అంది. తర్వాత చీర చేతిలోకి తీసుకుని, ‘సరే. నేను పొయినాక తీసుకోని పో. పదారు అయినాకనే,’ అని చీర కప్పేసింది.

అప్పటినుంచి వాడు నెలకొకసారి అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. టీవీ కోసమే, దాచేదేం లేదు. ఆవిడా దాచలేదు. వాడు మోపెడ్ ఆపగానే లోపలినుంచే, ‘యాడ, ఊపిరి ఉండాదా పొయిందా చూసేదానికి వచ్చినావా?’ అని అడిగేది. ‘ఇంగా ఉండాది పెద్దమ్మా, వచ్చే నెల వస్తా,’ అనేవాడు వీడు. ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను వెళ్ళినప్పుడు ఈ సరసం నాకు నచ్చేది కాదు. అయితే ఆవిడ కళ్ళకు ఆపరేషన్ చేయించింది వీడే, గ్యాస్ బుక్ చేసింది వీడే, వానాకాలం పెంకులు సర్దించింది వీడే. మరిది కొడుకులు రెండు వీధుల అవతల ఉన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఎదురుచూడటానికి వాళ్ళకు ఏమీ లేదు, అంతే.

మూడో ఏట వాడి కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తిరువళ్ళూరు వచ్చేవాడు. ఆ రోజుల్లో నా దగ్గరే భోజనం, ఉప్పు లేనిది, నీళ్ళు కొలిచి. చెంబెడు నీళ్ళు పక్కన పెట్టుకుని రోజంతా దాన్ని చూస్తూ కూర్చునేవాడు. అయినా నెల తిరిగేసరికి అత్తిమంజేరిపేట పోవాల్సిందే. మోపెడ్ నడపలేక బస్సులో, నన్ను తోడు తీసుకుని. ఒకసారి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి వాడి ముఖం చూసి, అరటిపళ్ళు అందుకోకుండా నిలబడిపోయింది. ‘ఏమప్పా, నాకంటే ముందు పొయ్యేటట్టు ఉండావే. వరస తప్పగూడదు,’ అంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. వాడు చీర తీయమని అడిగాడు. తలుపులు తెరవలేదు, దేన్నీ ముట్టుకోలేదు, ఎదురుగా స్టూలు మీద కూర్చుని కాసేపు చూశాడు. ఆపి ఉన్న టీవీని అంత సేపు చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వరస తప్పింది. ఎండాకాలం మొదట్లో వాడు పోయాడు. పోస్టరు మా మరదలి అన్న వేయించాడు. పెద్దమ్మకు తెలియాలని పల్లిపట్టు దాకా అంటించమని నేనే చెప్పాను. పదిహేడో రోజు పొద్దున పెద్దమ్మ ఎవరో పక్కింటి పిల్లను తోడు తీసుకుని తిరుత్తణి వచ్చింది. హాల్లో ఆ టీవీల మధ్య సందు చూసుకుని నిలబడి, ఒక్కొక్క దాన్నీ చూసింది. ఏడవలేదు. మా మరదలు ఇచ్చిన మజ్జిగ తాగి, నా వైపు తిరిగి, ‘నా చావు కోసరం కాచుకోని ఉండేవాడు ఒక్కడుండె. వాడూ పొయినాడు,’ అంది. గ్లాసు కింద పెట్టి, ‘ఇంగ నువ్వన్నా వస్తావా?’ అని అడిగింది.

వెళ్ళాను. ఏడాదిన్నర పాటు, అరటిపళ్ళు పట్టుకుని. నాకు వాడిలా సరసాలు రావు. ఊపిరి ఉందా అని ఆవిడ అడిగితే ఉందని బదులు చెప్పేదాన్ని, అంతే. ఇద్దరు ముసలివాళ్ళం చీర కప్పిన పెట్టెకు అటొకరం ఇటొకరం కూర్చునేవాళ్ళం. ఈ మధ్య మోకాలు వాచి ఒక్క నెల వెళ్ళలేకపోయాను. ఆ నెలలోనే ఆవిడ పోయింది. నా ఫోను నంబరు వాళ్ళలో ఎవరి దగ్గరా లేదు.

పోస్టరు చూసిన రోజుకు కర్మకు ఇంకా గడువు ఉంది. నేరుగా అత్తిమంజేరిపేట బస్సు ఎక్కి ఉండవచ్చు, అది ఎదురుగా నిలబడే ఉంది. ఎక్కలేదు. మా తమ్ముడి మర్యాద నాకు తెలుసు, పెద్దమ్మ మాటా తెలుసు. పదారు అయినాకనే. పదిహేడో రోజు పొద్దున మొదటి బస్సు వేళకే ఒక చిన్న వ్యాను మాట్లాడుకుని మరీ వెళ్ళాను.

ఇంటికి కొత్త సున్నం వేశారు. గుమ్మానికి మామిడాకులు. పెద్దమ్మ మరిది కోడలు ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. మంచి పిల్ల, నా చెయ్యి పట్టుకుని మెట్టెక్కించింది. ‘మా పెద్దత్త చెప్పి పెట్టింది అమ్మా, తిరువళ్ళూరాయమ్మ వస్తాది, టీవీ ఆయమ్మకే ఇయ్యాల అని. మేం మాట తప్పలేదు,’ అంది. చీర తీసేసి ఉంది. చెక్క తళతళలాడుతోంది. ‘నిన్న కర్మకు ఇల్లంతా కడిగినాం గదా, దీన్ని కూడా కడిగినా. మీరు తీసుకోని పొయ్యేది, మురికిగా ఇయ్యకూడదు గదా. ఎంత పాతదో ఆ గంధం, పీచుతో రుద్దినా పోలేదు. కడాకు గోరుతో గీకినా,’ అని చెయ్యి చూపించింది. గోరు చివర ఇంకా కొంచెం పసుపుగా ఉంది. తలుపుల మధ్య కొత్త గంధం, దాని మీద పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది. ఇంట్లోంచి వస్తువు బయటికి పోయేటప్పుడు బొట్టు పెట్టి పంపడం మా పద్ధతి.

పెద్దమ్మ వాళ్ళకు ఆ బొట్ల సంగతి చెప్పలేదు. ఎవరూ తాకరని అనుకుని ఉంటుంది. నేనూ చెప్పలేదు. ‘బాగా తుడిచినావమ్మా,’ అన్నాను. స్పీకరు దగ్గర ఒకసారి వేలితో తడిమి చూశాను. నున్నగా ఉంది.

ఇప్పుడా సెట్టు మా తమ్ముడి హాల్లో ఉంది. కాళ్ళు, తలుపులు, చెవి, వెనకాల అట్ట, వాడు కోరినట్టే ఏదీ పోలేదు. దాన్ని దించిన సాయంత్రం మిగతా వాటన్నిటి మీది దుప్పట్లూ తీసి ఒక్కొక్కటే చూశాను. ఎన్నో ఆయుధపూజలు చూసిన సెట్లు అవి. ఒక్కదాని మీద కూడా పాత బొట్టు లేదు. ఎవరెవరు పెట్టారో, ఎంతెంత వేళ్ళో, అన్నీ కర్మ నాడే, మేం వెళ్ళే ముందు రోజే కడిగేశారు. మేం శుభ్రం అనుకున్నాం. ఇన్నేళ్ళూ ఏ ఇంటికీ ఒక్క రోజు ముందు వెళ్ళలేదని వాడు గర్వపడేవాడు, నేను లెక్క తప్పలేదని గర్వపడేదాన్ని. మేం ఎప్పుడూ సరైన రోజుకే వెళ్ళాం. కాలం మాకంటే ఒక్క రోజు ముందు వచ్చి, ఇల్లు కడిగి వెళ్ళేది.