రెండు నంబర్ల తుపాకి

మా మేనమామ మంగళవారం ఉదయం ఆరు గంటలకు సంగారెడ్డి ఆస్పత్రిలో చనిపోయారు. గుండెపోటు. మధ్యాహ్నానికల్లా ఠాణా నుంచి ఫోన్ వచ్చింది. లైసెన్సుదారు పోయాడు కాబట్టి ఇంట్లో ఉన్న మూడు తుపాకులూ అప్పగించాలన్నారు. అత్తే మాట్లాడారు. "దినాలు కానియ్యుండ్రి సార్. అవి ఏడికి పోతయి?" అని పెట్టేశారు.

మామ పటాన్‌చెరులో ఒక కర్మాగారంలో, అచ్చులూ పనిముట్లూ ఒకదానికొకటి సరిపోయేలా చేసే టూల్‌రూమ్‌కు ఫోర్‌మన్‌గా పనిచేశారు. పొలం జిన్నారం వైపు. పంటను అడవిపందుల నుంచి కాపాడేందుకు వాళ్ల నాయన ఉంచుకున్న అమెరికా తయారీ పంప్ యాక్షన్ తుపాకితో ఈ పాత తుపాకుల పిచ్చి మొదలైంది. ముందున్న చెక్క పట్టును వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కే రకం. తర్వాత అలాంటివే పాతవి మరో రెండు కొన్నారు. మూడింటికి మించి చట్టం ఒప్పుకోదు. అందుకని మిగతావి చూడటానికి సెలవు రోజున స్కూటరేసుకుని ఊళ్లు తిరిగేవారు. ఎవరింట్లో తుపాకి ఉన్నా నంబరు చూసి, అది ఏ ఏడు తయారైందో తెలుసుకోవడానికి సముద్రం అవతలి కంపెనీకి ఉత్తరం రాసేవారు. జవాబుకు నెలలు పట్టేది. కొన్నిటికి వచ్చేదే కాదు.

తుపాకి చేతికిస్తే ముందు పట్టు వెనక్కి లాగి, తూటా ఉండే చోట చిటికెన వేలు పెట్టి చూసేవారు. ఆ తర్వాతే మాట. "ఖాళీదే మామా" అన్నానొకసారి.

"నువ్వు పేపరోనివి. ఎవడో చెప్పిండని గిట్లనే రాస్తవా అల్లుడా?"

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయాలి. తొంభైల మొదట్లో అలాగే చేశారు. వాళ్ల నాయన తుపాకి రెండుగా విడిపోతుంది. మెలి తిప్పితే ముందు గొట్టం ఒక ముక్క, వెనక బాడీ ఒక ముక్క. రెండింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. పక్క ఊరి పటేల్ కూడా సరిగ్గా అదే రకం తుపాకిని అక్కడే జమ చేశాడు. అల్మరాలో చోటు చాలక సిబ్బంది రెండింటినీ విప్పి ఒక పెట్టెలో పెట్టారు. తిరిగిచ్చేటప్పుడు దీని గొట్టం దానికి, దాని గొట్టం దీనికి బిగించారు.

మామ ఆ తేడాను ఠాణా వరండాలోనే పట్టుకున్నారు. అతుకు దగ్గర వెంట్రుకంత సందు కనిపించింది. పటేల్ అప్పటికే తనది తీసుకుని వెళ్లిపోయాడు. డ్యూటీలో ఉన్న జమాదారు విసుక్కున్నాడు. "పేలుతదా లేదా? పేలితె పో."

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పటేల్ ఇంటికి వెళ్లారు. పటేల్ నవ్వాడు. "ఏందయ్యా, నీ బర్రెను నా కొట్టంల కట్టేసుకున్నట్టు జేస్తున్నవు! నీ గొట్టమేమన్న పాలిస్తదా? కోతలు కానియ్యి, మార్సుకుందాం."

"జెర ఇప్పుడే ఇయ్యి పటేలా. నంబర్ నాది, ఇల్లు నీది."

పటేల్ చాయ్ తాగించి పంపాడు. కోతలు పూర్తికాకముందే అడవి దళం వచ్చి ఆ తుపాకిని పట్టుకుపోయింది. ఆ రోజుల్లో అది కొత్త సంగతి కాదు. పోయిందని పటేల్ ఠాణాలో చెప్పాడు. గొట్టాలు మారిన సంగతి మాత్రం చెప్పలేదు. మామ చెబుదామంటే చేతులు పట్టుకున్నాడు. "ఇప్పటికే రెండు దిక్కుల నుంచి సస్తున్న. ఇంకోటి పెట్టకు." మామ ఊరుకున్నారు. తన నంబరు అడవిలో తిరుగుతోందని ఆయనకు తెలుసు. ఫ్యాక్టరీ గేటు దగ్గర పోలీసు జీపు ఆగితే చాలు, పని ఆపి చూసేవారు.

ఒకరోజు ఆ జీపు ఆయన కోసమే వచ్చింది. ఎదురుకాల్పుల చోట ఒక తుపాకి దొరికింది. గొట్టం మీద మామ నంబరుంది. అత్త కబురు పెడితే నేనూ ఠాణాకు వెళ్లాను. ఇంట్లో ఉన్న తుపాకిని అప్పటికే తెప్పించారు. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఈ నంబరు నీదేనా?"

"నాదే సార్."

"వాళ్లకు నువ్వే ఇచ్చావా?"

మామ రెండు తుపాకులనూ అడిగి, ఖాళీవని చూసుకుని, విప్పి నాలుగు ముక్కలు బల్ల మీద పెట్టారు. ఈ గొట్టం నంబరు ఆ బాడీతో, ఆ గొట్టం నంబరు ఈ బాడీతో కలిసింది. ఇన్‌స్పెక్టర్ చదివాడు. కానీ తల ఊపలేదు. "మార్చింది ఠాణా అని ఏంటి రుజువు? మీరిద్దరూ మార్చుకుని ఒకటి అడవికి పంపలేదని ఎలా నమ్మను?"

జమాదారు బదిలీ అయ్యాడు. మేనల్లుణ్ణని నా మాట లెక్కలోకి తీసుకోలేదు. మిగిలింది పటేల్ మాటే. అతన్ని పిలిపించారు. నాకేం తెలియదంటే పటేల్ ఇంటికి పోవచ్చు, మామ జైలుకు పోతారు. తెలుసంటే ఇన్నాళ్లు ఎందుకు దాచావని అతన్నే పట్టుకుంటారు. పటేల్ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఠాణాలనే మారినయి సార్. వాపస్ ఇయ్యమని మా ఇంటికొచ్చి అడిగిండు. నేనే కోతలని ఇయ్యలె."

ఆ మాటతో మామ ఇంటికొచ్చారు. పటేల్‌ను రెండు రోజులు ఉంచుకుని వదిలారు. గేటు బయట మామ అతని కోసం స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు. "ఎక్కు పటేలా" అన్నారంతే.

గొట్టం మాత్రం కేసు సొత్తుగా కోర్టులో ఉండిపోయింది. పటేల్ గొట్టం ఉన్న తుపాకిని మామ తుడిచేవారు, నూనె పట్టించేవారు, మళ్లీ పేల్చలేదు. కంపెనీ నుంచి వచ్చిన జవాబులో ఒక మాట ఉంది: ఈ రకంలో రెండు భాగాలనూ ఒక పనివాడే సరిపోల్చి, ఆ తర్వాతే నంబరు కొట్టేవాడని. "నేను గదే పని జేసి బతికిన గద అల్లుడా. ఒకడు కూసొని జత కలిపిండు. దాన్ని ఇడగొట్టి పోతనా?" అనేవారు. పటేల్ పోయినప్పుడు పాడె మోశారు. కేసు ముగిశాక గొట్టం ఇప్పించమని దరఖాస్తు పెట్టారు. వాయిదా మీద వాయిదా పడింది.

వచ్చే గురువారం పదిన్నరకు అది మళ్లీ విచారణకు వస్తుంది. అడిగేవాళ్లు లేకపోతే ఆ గొట్టాన్ని కరిగించే సామానులో కలుపుతారని వకీలు చెప్పారు. కోర్టులో బంట్రోతు మామ పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఆయన బదులు మీరు మూడోదానికి లేచినా సరిపోతుందని వకీలు అత్తకు వివరించారు.

"ఎందుకు సార్, మొదటిదానికే లేస్త" అన్నారు అత్త.