చుట్టరికం లేదని రాసిన కాగితం

ఈ సంగతి ఏళ్ళ తరబడి లోపలే మోశాను. రోజూ డైరీ రాసేవాణ్ణి. ఏ బస్సెక్కానో, ఏ పూట వాన పడిందో కూడా రాసుకున్నాను. ఇది రాయలేదు. అలసిపోయి మీకు చెబుతున్నాను.

నేను కెమిస్ట్రీ పంతుల్ని. ఒక చిన్న పరిశోధన పత్రికకి వచ్చే వ్యాసాలు చదివి, అచ్చుకి తగునో తగదో చెప్పేవాణ్ణి. ఒకసారి రెండు వచ్చాయి. రెండూ నది అవతలి తన్లిన్ ఊరి బావినీళ్ళ మీదే. వేసుకునేది ఒక్కటే. ఒకటి వేరే కాలేజీలో పనిచేసే ఒకావిడది, రెండోది మా అక్క కొడుకుది. ఇద్దరూ ఒకే లెక్చరర్ ఉద్యోగానికి పోటీ. వ్యాసం అచ్చయినవాళ్ళకే అది దక్కుతుంది.

రచయితతో మీకు చుట్టరికం ఉందా అని అడిగే కాగితం ఒకటి జతచేసి ఉంటుంది. ఇక్కడ బర్మాలో మన తెలుగువాళ్ళకి ఇంట్లో ఒక పేరు, బయట బర్మా పేరు. బర్మా పేర్లకి ఇంటిపేరుండదు, పేరు చూసి ఎవరి తాలూకో పట్టలేరు. మా మేనల్లుడు ఇంట్లో అప్పన్న, వ్యాసం మీద మిన్ తూ. నా పేరూ అలాంటిదే.

ఒక ఆదివారం లమ్మడా పేటలో అక్క ఇంట్లో అన్నం తింటుంటే వాడే మాట కదిపాడు.

"మావా, ఆ కాయితం మీద ఏటి రాస్తావు?"

"ఉన్నదే. నువ్వు మేనల్లుడివని."

"రాస్తే నిన్ను తప్పించి ఇంకెవుడికో ఇస్తారు. ఆడు నా యాసాన్ని తన్నేస్తాడు." నవ్వాడు. "మిన్ తూ మేనమావ ఎవులో ఎడిటరు బాబుకి కలొస్తాదేటి?"

అక్క పులుసు వడ్డిస్తూ, "నీ సేతిలో ఉన్నది సెయ్యవేట్రా, తమ్ముడా?" అంది.

లేదు అని రాశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ ప్రతి బావి నీళ్ళూ ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి పరీక్షించింది. వాడు ఒక్కసారే. ఆవిడదే మేలైన పద్ధతని నాకు తెలుసు. తెలిసే, ఆవిడ పద్ధతి నమ్మదగ్గది కాదని రాశాను. ఎందుకు? అక్క మాటకా? లేక మనవాళ్ళలో ఒకడు లెక్చరర్ అనిపించుకోవాలని నాకే ఉందా? ఎవరి మాటైతేనేం, రాసిన చెయ్యి నాది.

వాడికి ఉద్యోగం వచ్చింది. ఆవిడ పరిశోధన మానేసింది. ఈమధ్య లత పేటలో ఒక మందుల షాపులో, కౌంటర్ వెనక కనిపించింది. తన వ్యాసం కాదన్నది నేనని ఆవిడకి తెలీదు; సెమినార్లలో చూసిన ముఖమే కాబట్టి ఆదరంగా పలకరించింది. పరిశోధన తనకి చేతకాలేదనీ, తనకి తగింది ఇదేననీ చెప్పింది. నిజంగానే నమ్మి చెప్పింది.

నేను తలూపి, మందులు తీసుకుని వచ్చేశాను.

ఆవిడతో చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలీదు. మీతో మాత్రం అంటున్నాను: ఆవిడ పని మంచిది. పద్ధతి సరైనది. అబద్ధం రాసింది నేను.