చైనా మందు డబ్బాతో పాలకుర్తి నుంచి వరంగల్ దాకా

ఇంట్లో షుగర్ మనిషిని తీసుకుని వరంగల్ పెద్ద దవాఖానకు మొదటిసారి పోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు. కానీ మొన్న మా ఆయన నడుస్తున్న మరమగ్గం ముందే తూలాడు. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. ఇంకో జానెడు ముందుకు ఒరిగితే చెయ్యి మగ్గంలోకి పోయేది. ఈసారి డాక్టర్ దగ్గరికి ఆయన్ని ఒక్కడినే పంపకూడదని అప్పుడే అనుకున్నాను.

నా అనుమానం ఒక డబ్బా మీద. ఆయన దోస్తు హైదరాబాద్ నుంచి చైనా చెట్ల మందు గోలీలు తెచ్చి, తానూ వాడుతూ ఈయనకూ ఇచ్చాడు. ఫోన్‌లో వీడియో కూడా చూపించాడు. మన ఒంట్లో కణాలు పాడైన ముక్కలను తామే తిని శుభ్రం చేసుకుంటాయట, ఈ మందు ఆ పనిని పెంచుతుందట, తిండి మానేస్తే ఇంకా పెరుగుతుందట. మా వైపు పసరు మందుకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. పథ్యం తప్పొద్దు, మందు సంగతి ఎవరికీ చెప్పొద్దు. చెబితే గుణం పోతుందంటారు. మా ఆయన చైనా గోలీలకూ అదే పద్ధతి పెట్టాడు. రోజూ ఒక్కపొద్దు ఉంటూ, దవాఖాన ఇచ్చిన షుగర్ గోలీలతో పాటు ఇవీ మింగాడు. డాక్టర్‌కు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

పొద్దున్నే పాలకుర్తిలో హన్మకొండ బస్సు ఎక్కాం. రెండు గంటలు పడుతుందనుకుని బయలుదేరండి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం.

"అక్కకు ఫ్రీ, నీకు పైసలు. ఆడోళ్ల రాజ్యమే అన్నా," అన్నాడు కండక్టర్.

"మా ఇంట్ల ఎప్పటిసందో గంతే," అని మా ఆయన నవ్వాడు. కార్డు తీస్తుంటే సంచిలో డబ్బా కనబడి ఆ నవ్వు ఆగిపోయింది.

"గదెందుకు తెచ్చినవే?"

"డాక్టర్ మేడమ్‌కు చూపెడ్త."

"పేరు జెప్తే మందు పని చెయ్యదని ఎన్నిసార్లు జెప్పాలె?"

"పని జర ఎక్కువనే చేస్తాంది గదా. మొన్న మగ్గం మీదనే పడబోతివి."

"మా అన్న ముంగటనే మాట్లాడవు. డాక్టర్ ముంగట మాట్లాడ్తవా?"

నేను సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

హన్మకొండ బస్టాండు బయట వరంగల్ పెద్ద దవాఖానకు షేర్ ఆటోలు దొరుకుతాయి. "దవాఖానకా అక్కా? జర జరుగుండ్రి, ఇంకొకలు పడ్తరు," అన్నాడు డ్రైవర్, అప్పటికే ఐదుగురం ఇరుక్కుని ఉన్నా. ఓపీ చీటీ వరుస తొమ్మిది దాటితే బాగా పెరుగుతుంది. రక్తం పరగడుపున ఇవ్వాలి, కాబట్టి టిఫిన్ వెంట ఉంచుకోండి.

రిపోర్టు వచ్చాక లోపలికి పిలిచారు. మా వెనక తలుపు దాకా జనం. డాక్టరమ్మ కాగితం చూసి, "షుగర్ ఇంత పడిపోయిందేంటి? ఇంకేమైనా మందు వాడుతున్నారా?" అని అడిగింది.

"ఏం లేదు మేడమ్," అన్నాడు మా ఆయన.

డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాను. "ఇవి గూడ ఏస్కుంటాండు మేడమ్. పొద్దంత తింటలేడు."

ఆమె డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు చదివింది. "ఇది బెర్బెరిన్. చైనాలో ఒక పసుపుపచ్చ వేరులో ఉంటుంది, మన మానుపసుపులోనూ ఉంటుంది. కణాలు తమ చెత్తను తామే తినడం నిజమే, దాన్ని ఆటోఫజీ అంటారు. ఈ మందు దాన్ని కదిలిస్తుందని ల్యాబులో పెంచిన కణాల్లో, ఎలుకల్లో చూశారు. ఆ దారిన మనిషి రోగం నయమవుతుందని ఇంకా తేలలేదు. కానీ ఇది షుగర్‌ను దించుతుంది. మా గోలీలు, ఈ గోలీలు, పైన ఉపవాసం. మూడూ కలిసి కిందికి లాగితే మీరు నిలబడేదెట్లా?"

"అంటే మందు మంచిదే గదా మేడమ్?" అన్నాడు మా ఆయన.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ముందు ఇది ఆపండి. వేళకు తినండి. మగ్గంలో చెయ్యి పోతే ఏ కణమూ తిరిగి తెచ్చివ్వదు."

బయట చెట్టు కింద కూర్చుని తెచ్చుకున్న ఉప్మా తిన్నాం. గిన్నెలో మిగిలిందంతా ఆయనే ఖాళీ చేశాడు. తర్వాత ఫోన్ తీసి దోస్తుకు కలిపాడు. "అరే, ఆ గోలీలు బంద్ జెయ్. నీకు గూడ షుగరే గదరా. రేపు దవాఖానకు పోయి మొత్తం జెప్పు, దాపెట్టకు." నేను కళ్లు తుడుచుకుని గిన్నె కడగడానికి నల్లా దగ్గరికి పోయాను.

చెట్ల మందును నేను తిట్టడం లేదు. మా ఇంట్లో దగ్గుకు ఇప్పటికీ మిరియాల కషాయమే. కానీ నిజంగా గుణమున్న మందు చైనాదైనా మనదైనా, ఒంట్లో ఉన్న ఇంకో మందుతో కలవకుండా ఊరుకోదు. మనం దాచేది డాక్టర్ దగ్గర, అనుభవించేది మన ఒళ్లు. ఆ గదిలో నాకు సిగ్గు వేసిన మాట నిజం, గది దాటేసరికి అది పోయింది. దవాఖానకు బయలుదేరేటప్పుడు ఇంట్లో వాడే ప్రతి మందునూ, పసరు సీసాతో సహా, ఒక కవర్లో వేసుకోండి. నాలాగా మాట రానివాళ్లయితే టేబుల్ మీద పెట్టండి, చాలు.