కరెంటు పోతే వెలిగే చొప్పదండి

ప్రపంచంలో ఎవరు ఏ మూల నుంచి ఫోన్లో ఏం పెడుతున్నారో పటం మీద వెలుగుచుక్కలుగా చూపించే మహత్కార్యంలో నర్మద వాటా ఉత్తర తెలంగాణ. చొప్పదండిలో సాంచెలనే మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి, కరీంనగర్‌లో చదివి, హైదరాబాదు కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తున్న ఆ అమ్మాయికి అపారమైన నమ్మకం ఉన్నవి రెండే: తన పటం, తను.

ఆ పటం మీద సొంత ఊరి చుక్కకే గండం వచ్చిపడింది. పొద్దంతా చీకటిగా పడి ఉంటుంది, ఉన్నట్టుండి ఒక్కసారే భగ్గుమంటుంది.

"ఇవన్నీ దొంగ ఖాతాలమ్మా, తీసేద్దాం," అన్నాడు హైదరాబాదులోని పై అధికారి ఫిలిప్.

"దొంగలు కాదు సార్, మా నేతోళ్లు. సాంచెలు నడుస్తుంటే పక్కన మాట్లాడినా ఇనపడది. కరెంటు పోతెనే ఫోన్లు జేబులకెల్లి బయటికొస్తయ్. రేపు లైను మరమ్మతని కరెంటు తీస్తరు, మీరే చూడుండ్రి."

అంతా బాగానే ఉంది. సాయంత్రం, సాంచెలు నడిపే తండ్రి సిద్దిరాములుకు చెప్పడమొక్కటే పొరపాటు.

"బాపూ, ఎవ్వలకు చెప్పకు."

"నాకేం పని బిడ్డా," అన్నాడాయన చెప్పులేసుకుంటూ.

మర్నాడు కరెంటు పోయింది. చుక్క వెలగలేదు. నర్మద సాంచెల షెడ్డుకు పరిగెత్తింది. అక్కడ నేతగాళ్లందరూ ఉతికిన అంగీలు తొడుక్కొని, తలలకు నూనె పెట్టుకొని, జెండా వందనానికి వచ్చినట్టు చేతులు కట్టుకొని కూర్చున్నారు. ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు.

"ఏంది బాపూ గిది?"

"పట్నం సార్లు చూస్తున్నరంటివి గదా. ఊరి ఇజ్జత్ అని సక్కగ కూసున్నం."

"ఎవ్వలకు చెప్పద్దంటి గదనే!"

"ఎవ్వలకు చెప్పిన? సదానందం ఒక్కనికే చెప్పిన."

సదానందానిది చాయ్ హోటలు.

ఇంతలో ఫిలిప్ ఫోను. "ఏమ్మా, తీసేద్దామా?"

"జర ఆగుండ్రి సార్. మావోళ్లు గంత సేపు బుద్ధిగ ఉండలేరు."

ఎవరినైనా ఉసిగొల్పితే రుజువు చెడుతుంది కనుక, నర్మద నోరు కట్టేసుకొని ఓ మూల కూర్చుంది. ముందుగా తెగించింది కండెలకు నూలు చుట్టే వనజ.

"సార్లు చూస్తే చూడనీ! నా రీలు నిన్న సగంల ఆగింది," అంటూ ఫోను తీసింది.

"నీకు సిగ్గున్నదానె పోరి? లోపట పెట్టు!" అని సిద్దిరాములు అందుకున్నాడు. వనజ ఆ తిట్లనే వీడియో తీసి, కింద ఊరి పేరు తగిలించి లోకానికి వదిలింది. దాన్ని చూసి నవ్వడానికి ఒకరు ఫోను తీశారు, తనను తీయలేదని అలిగి ఇంకొకరు తీశారు. చూస్తుండగానే చొప్పదండి పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

"ఉంచేద్దాం," అన్నాడు ఫిలిప్. ఓడిపోయినవాడి గొంతు కాదది, ఆ వీడియో చూసి నవ్వుతున్నవాడిది.

సాయంత్రం సిద్దిరాములు ఆ పటాన్ని చాలాసేపు పరీక్షించాడు.

"కరీంనగర్‌ది గంత పెద్దగున్నది. మన చుక్క గూడ జర పెద్దగ చేయరాదు బిడ్డా?"

"అయితది బాపూ. కరెంటు ఇంకా ఎక్కువ సేపు పోవాలె."

సాంచె ఆగితే కూలీ ఆగుతుంది. సిద్దిరాములు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"వద్దు తియ్. గింతనే ఉండనీ. కనవడుతనే ఉన్నది గదా."